డెబ్భై ఆరు దగ్గర ఆగిన ముల్లు

సంచి సర్దింది మా చెల్లెలు. నేను మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఇరవై ఒక్క రోజులకి ఎన్ని జతలు కావాలో నాకన్నా తనకే బాగా తెలుసంది. లోపలి బట్టలు చుట్టలు చుట్టి మూలల్లో దోపింది. కళ్ళజోడుని మేజోడులో దూర్చింది. నేను చదువుకోవడానికి పెట్టుకున్న రెండు పుస్తకాలూ బరువని చెప్పి అడుగున వేసింది. అన్నిటికన్నా పైన ఒక గుండ్రటి బిస్కెట్ల డబ్బా పెట్టింది, మూత చుట్టూ టేపు అంటించి. అది కూరగాయల పొడి అని, సాయంత్రం వేడినీళ్ళలో మూడు చెంచాలు కలుపుకుని తాగితే నీరసం రాదని రెండుసార్లు చెప్పింది.

"అక్కడ వాళ్ళే అన్నీ పెడతారటే," అన్నాను.

"వాళ్ళకి నీ ఒళ్ళు తెలుసా? నాకు తెలుసు. కలుపుకో."

నాకు ప్రయాణమంటే భయం. ఎవరు వెళ్తున్నా భయమే, నేను వెళ్తున్నా భయమే. నా పదమూడో ఏట నాన్న పనికని వెళ్ళి రాలేదు. పంతొమ్మిదో ఏట అమ్మ పక్క వీధికని వెళ్ళి రాలేదు. బస్సు కింద పడిందని ఎవరో వచ్చి చెప్పారు. అప్పటికి చెల్లెలికి పద్నాలుగు. చిన్నప్పుడు ఎంత తిన్నా ఒళ్ళు చెయ్యకపోవడంతో దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. ఇంట్లో ఇద్దరమే మిగిలాక కూడా ఆ పేరు పోలేదు. మా పెళ్ళిళ్ళు కుదరలేదు, కుదిరిన ఒకటి నిలవలేదు. నేను యూనిఫాములు కుట్టే దుకాణంలో కుట్టుమిషను పట్టుకున్నాను. నేను చదవడం నేర్చుకుంది కూడా అక్కడే, కొలతల నమూనాల కోసం కత్తిరించిన పాత పేపర్ల మీద. అందుకే చాలాకాలం నాకు అన్ని వార్తలూ చంక దగ్గరో మెడ దగ్గరో సగానికి తెగిపోయే తెలిసేవి.

పిచ్చుకని మాత్రం చదివించాను. అది ఒక ఆస్పత్రి వంటగదిలో చేరింది. రోగుల భోజనం తూచి పంపడం దాని పని. ఎవరికి ఎన్ని గ్రాములు, ఎవరికి ఉప్పు లేకుండా, ఎవరికి గొట్టంలోంచి పోసేంత పల్చగా, అన్నీ దాని చేతి మీదే నడిచేవి. ఇరవై రెండేళ్ళు చేసింది. తర్వాత దాని మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకునే బతుకైంది. సూదులు గుచ్చిన చోట చేతి నరాలు తాళ్ళలా ఉబ్బాయి. రెండేళ్ళకి ఆ నరాలు కూడా పాడవడం మొదలైంది.

నా మూత్రపిండం దానికి సరిపోతుందని పరీక్షల్లో తేలింది. రక్తం, గుండె, ఊపిరితిత్తులు, యాభై ఎనిమిదేళ్ళ ఆడదానికి ఎంత బాగుండాలో అంత బాగున్నాయన్నారు. ఒక్కటే అడ్డం. నేను ఎనభై ఆరు కిలోలు. ఆపరేషను చేసే డాక్టరు నన్ను పైనుంచి కిందికి చూసి, డెబ్భై రెండుకి దిగితేనే కత్తి పట్టుకుంటానన్నాడు. ఇంత కొవ్వు మీద కోస్తే ఇచ్చే మనిషికే ప్రమాదమట. ఏడాది లోపల రండి, ఆవిడ నరాలు అంతకన్నా ఆగవు, అన్నాడు.

అలా మొదలుపెట్టాను తగ్గడం. మొదట తీపి మానేశాను. తర్వాత ఒక వారపత్రికలో చదివి పళ్ళు మాత్రమే తిన్నాను. పదకొండో రోజు దుకాణంలో కళ్ళు తిరిగి ఇస్త్రీ బల్ల మీద పడ్డాను. దుకాణంలో కాజాలు కుట్టే ఆవిడ ఉండేది, మేమంతా కాజాలావిడ అనేవాళ్ళం. ఆవిడ తన మరదలు క్యాబేజీ నీళ్ళతో పన్నెండు కిలోలు తగ్గిందని చెప్పింది. ఆ నీళ్ళు తాగాను. మిషను దగ్గర నా పక్కన కూర్చునే వాళ్ళు కుర్చీలు జరుపుకున్నారు. ఉడికించిన గుడ్లు తిన్నాను. సాయంత్రం నాలుగు దాటాక నోరు కట్టేసుకున్నాను. ఒక్కో ముద్దా నలభైసార్లు నమిలాను. భోజనం అయ్యేసరికి దుకాణంలో అందరూ మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయేవాళ్ళు. "ఈవిడ నములుతూనే రిటైరవుతుంది" అని కాజాలావిడ అనేది.

నవ్వితే నవ్వారు గానీ తగ్గాను. ఏడు నెలల్లో ఎనభై ఆరు నుంచి డెబ్భై ఆరు. ఒక నోటుబుక్కులో రోజూ పొద్దున రాసుకునేదాన్ని.

అప్పుడు పిచ్చుక నా వంట తను చూసుకుంటానంది. నీ పిచ్చి పద్ధతులతో చస్తావు, నేను ఈ పనే చేశాను జీవితమంతా, తూచి పెడతాను, అంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సగం రోజులు మిషను మీద పడుకునే మనిషి, మిగతా సగం నా కోసం కూరగాయలు తూస్తోంది. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ముందు పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, బీన్స్ గింజ ఒకటి తీసి మళ్ళీ వేసేది. రాత్రిపూట ఒక గిన్నెడు పల్చటి సూపు, అంతే. ఆ సూపు నాకు ఇష్టంగా ఉండేది. ఆకలి అంతగా వేసేది కాదు.

డెబ్భై ఆరు దగ్గర ముల్లు ఆగిపోయింది.

మొదటి నెల ఏమీ అనుకోలేదు. అందరికీ ఒకచోట ఆగుతుందట, పుస్తకాల్లో కూడా రాశారు. రెండో నెల పొద్దున గంట, సాయంత్రం గంట నడవడం మొదలుపెట్టాను. కదల్లేదు. మూడో నెల మధ్యాహ్నం భోజనం సగం చేశాను. కదల్లేదు. నా ఒంటి మీద నాకు అసహ్యం పుట్టింది. చెల్లెలికి ఒక ముక్క ఇవ్వడానికి కూడా ఒప్పుకోని ఈ ఒళ్ళెందుకు, నాది కానట్టు ఎదురుతిరుగుతోంది, అనుకునేదాన్ని. స్నానాల గదిలో కూర్చుని ఏడ్చేదాన్ని. బయటికొస్తే పిచ్చుక తువ్వాలు అందించి, "పోనీలే అక్కా, కొన్ని ఒళ్ళు అంతే. నా రాత ఎలా ఉంటే అలా," అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నా పట్టుదల రెట్టింపయ్యేది.

నాలుగు నెలలు గడిచాయి. డాక్టరిచ్చిన ఏడాదిలో ఒక నెలే మిగిలింది. అప్పుడు కాజాలావిడే ఆ కేంద్రం గురించి చెప్పింది. ఊరి బయట, ఇరవై ఒక్క రోజులు ఉంచుకుని, వాళ్ళే పెట్టి, వాళ్ళే నడిపించి పంపుతారు. పిచ్చుక వద్దంది. నేను లేకపోతే తనెలా మిషనుకి వెళ్ళొస్తుందని అడిగింది. కానీ పై అంతస్తులో ఉండే నర్సు మిషనుకి తోడు వెళ్తానంది, దాంతో ఇంకేం అనలేకపోయింది. ఆ తర్వాతే, సర్దడం నాకొదిలెయ్ అంది.

కేంద్రం గేటు దగ్గర ఒక గది ఉంది. అక్కడ సంచి విప్పి చూస్తారు. బయటి తిండి ఏదీ లోపలికి రానివ్వరు. బల్ల వెనక కూర్చున్న ఆవిడ బిస్కెట్ల డబ్బా తీసి పక్కన పెట్టింది. అది బిస్కెట్లు కాదు, కూరగాయల పొడి అన్నాను. ఏదైనా సరే, వెళ్ళేటప్పుడు ఇస్తామంది. మా చెల్లెలు ఆస్పత్రి వంటగదిలో ఇరవై రెండేళ్ళు చేసింది, దానికన్నీ తెలుసు, అని వాదించాను.

"అందరి చెల్లెళ్ళకీ అన్నీ తెలుసమ్మా. అందుకే మీరంతా ఇక్కడికొస్తారు," అని రసీదు రాసిచ్చింది.

అక్కడ పెట్టే తిండి చూసి భయపడ్డాను. ఇంట్లో తినేదానికన్నా ఎక్కువ. రొట్టె, పప్పు, గిన్నెడు కూర, పెరుగు. ఇది తింటే వచ్చే నెల ఎనభై అవుతానని లెక్కేసుకున్నాను. మొదటి వారం తర్వాత డెబ్భై నాలుగున్నర. త్రాసు పాడైందనుకుని దిగి మళ్ళీ ఎక్కాను. రెండో వారానికి డెబ్భై మూడు పాయింటు రెండు.

రోజూ సాయంత్రం పిచ్చుక ఫోను చేసేది. పొడి కలుపుకుంటున్నావా అని మొదట అదే అడిగేది. దాని మనసు నొప్పించడం ఎందుకని కలుపుకుంటున్నానని చెప్పేదాన్ని. ఎంత ఉన్నావని అడిగితే, ఇంటికొచ్చాక చెప్తాననేదాన్ని. దాని మొహం చూస్తూ చెప్పాలని.

కేంద్రంలో ఒక వయసు మళ్ళిన డాక్టరమ్మ ఉండేది. ఒకరోజు నా నోటుబుక్కు అడిగి తీసుకుని తిరగేసింది. మొదటి ఏడు నెలలూ చూసి తలాడించింది. తర్వాతి నాలుగు నెలల దగ్గర ఆగి వెనక్కీ ముందుకీ తిప్పింది. అప్పుడు ఏం తినేవారు, ఎంత నడిచేవారు అని అడిగింది. నేను నడక పెంచిన తారీఖులు, భోజనం సగం చేసిన తారీఖులు కూడా రాసుకున్నాను. ఆవిడ వేలు పెట్టి చూపించింది.

"ఆగడం మామూలేనమ్మా, ప్రతివాళ్ళకీ ఆగుతుంది. కానీ నాలుగు నెలలు గీత గీసినట్టు ఆగదు. మీరు నడక పెంచారు, ఆగింది. తిండి తగ్గించారు, అయినా అక్కడే ఆగింది. మీరు తగ్గించినంతా ఎవరో మళ్ళీ నింపుతున్నట్టుంది."

నాకేమీ అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఇరవై ఒకటో రోజు పొద్దున డెబ్భై ఒకటి పాయింటు ఎనిమిది. డాక్టరమ్మ నా నోటుబుక్కులో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది. డబ్బా తీసుకోవడానికి గేటు గదికి వెళ్ళాను. దాని మూత తీసి ఉంది. అక్కడి వంట చూసే పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడు. బయటి వస్తువు తిరిగి ఇచ్చేముందు పురుగు పట్టిందేమో చూస్తారట. ఆయన చిటికెడు నాలుక మీద వేసుకుని, ఇంకో చిటికెడు నీళ్ళలో కలిపి చూశాడు.

"ఇది కూరగాయల పొడి అని ఎవరన్నారమ్మా? ఇది నిలబెట్టే పొడి. ఆస్పత్రిలో వండినప్పుడు చిక్కిపోయే రోగులకి వేసేవాళ్ళం. రుచి ఉండదు, వాసన ఉండదు, ఎందులో కలిపినా కలిసిపోతుంది. బరువు జారిపోకుండా పట్టుకుంటుంది. మీరు తగ్గడానికొచ్చి దీన్ని తెచ్చుకోవడమేంటి?"

మా చెల్లెలు పొరపాటున ఒకదానికి ఒకటి పెట్టేసి ఉంటుందన్నాను. ఆ మాట నా నోటినుంచి వస్తుండగానే అది అబద్ధమని తెలిసింది. పిచ్చుక ఇరవై రెండేళ్ళలో ఒక్క పళ్ళెం కూడా తారుమారు చేసి పంపలేదు.

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండు గంటల ప్రయాణం. నాలుగు నెలల సూపులూ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నేను మధ్యాహ్నం భోజనం సగం చేసిన వారం సూపు కొంచెం చిక్కగా ఉండటం. ఎందుకు చిక్కగా ఉందంటే, బంగాళాదుంప ముక్క పడిందిలే అనడం. స్నానాల గది బయట తువ్వాలు పట్టుకుని నిలబడటం. నేను ఏడుస్తుంటే వింటూ నిలబడింది. వంటింట్లోకెళ్ళి మళ్ళీ చెంచాతో కొలిచింది.

ఇంటికి వెళ్ళేసరికి అది కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎంత అని కళ్ళతోనే అడిగింది. నేను డబ్బా బల్ల మీద పెట్టాను. మూతకి టేపు లేకపోవడం చూసి అది చేతిలోని కాయని పళ్ళెంలో పెట్టేసింది.

"డెబ్భై ఒకటి పాయింటు ఎనిమిది," అన్నాను.

తిండి తిన్నావా అని అది అడిగింది.

"ఎందుకు చేశావే?"

"నేను వద్దంటే వింటావా నువ్వు? ఎప్పుడైనా విన్నావా? డాక్టరు వద్దంటే వింటావు. ఆయన చేత వద్దనిపిద్దామనుకున్నా."

"నేను చచ్చిపోతానని భయమా?"

"అదీ ఉంది."

"అది కాక ఇంకేముంది?"

అది నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. పళ్ళేల మీద గ్రాములు చదివినట్టు చదివింది.

"నాకు పద్నాలుగేళ్ళప్పటి నుంచి నువ్వు పెట్టిందే తిన్నా అక్కా. నువ్వు కుట్టిందే కట్టుకున్నా. నువ్వు కట్టిన ఫీజుతోనే చదివా. నలుగురిలో ఎప్పుడు నా మాట వచ్చినా 'దాన్ని నేనే నిలబెట్టా' అన్నావు. అన్నావా లేదా? ఇప్పుడు లోపల కూడా నీదే పెట్టుకుంటే, ఇక నాదంటూ ఏం మిగులుతుంది? నాకు ఉచ్చ కూడా నీ దయ వల్లే రావాలా?"

దాన్ని నేనే నిలబెట్టానని నిజంగానే అనేదాన్ని. కాజాలావిడతో అన్నాను, డాక్టరుతో అన్నాను, బస్సులో పక్క సీటు వాళ్ళతో కూడా అన్నాను. గొప్పకోసం కాదు, దాన్ని చూసి మురిసిపోయి అనేదాన్ని. నా మురిపెం దానికి ఇన్నేళ్ళూ ఎలా వినిపించిందో నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పకుండా, నవ్వుతూ, చెంచాతో కొలిచి పోసింది.

"వద్దని ఒక్క మాట నా మొహం మీద చెప్పి ఉంటే నేను ఆకలితో అలమటించేదాన్ని కాదు కదే. నా ఒళ్ళే నాకు ద్రోహం చేస్తోందనుకున్నాను. దాన్ని తిట్టాను, కొట్టుకున్నాను కూడా. నువ్వు తలుపు బయట నిలబడి విన్నావు."

"విన్నాను," అంది.

మా ఇద్దరి మధ్యా నడిచిన చివరి మాటలు అవే.

మర్నాడు నేనొక్కదాన్నే ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు స్వయంగా తూకం చూశాడు. చెయ్యి కలిపాడు. ఆపరేషను ఇరవై నాలుగో తారీఖు, సోమవారం అని కాగితం రాసిచ్చాడు. పద్దెనిమిది రోజుల గడువు. ఇంటికొచ్చి ఆ కాగితం దాని పళ్ళెం పక్కన పెట్టాను, మాట్లాడకుండా. అది చదివింది. రెండుసార్లు చదివింది.

"వస్తాను. సంతకం పెడతాను. నువ్వు నాతో మాట్లాడు," అంది.

నేను మాట్లాడలేదు.

నా వంట నేనే చేసుకున్నాను. దాని వంట దానికి చేసి పెట్టి, మూత వేసి, ఇవతలికొచ్చేసేదాన్ని. అది మంగళవారం మిషనుకి వెళ్ళి వచ్చింది. తలుపు తీశాను, చెయ్యి పట్టుకుని మంచం దాకా తీసుకెళ్ళాను, పడుకోబెట్టాను, దుప్పటి కప్పాను. అన్నీ చేశాను, మాట తప్ప. కాలు తిమ్మిరి ఎక్కితే రుద్దాను. దాని కళ్ళు నా నోటి మీదే ఉండేవి. దుకాణంలో కాజాలావిడకి విషయం తెలిసి, ఆ పిల్ల చేసింది తప్పే గానీ నువ్వు చేస్తున్నదేమిటని మందలించింది. పిల్లేమిటి, యాభై మూడేళ్ళు దానికి, అన్నాను. ఇంకెన్నాళ్ళు ఇలా అంది ఆవిడ. ఆపరేషను అయిపోనీ అన్నాను.

నా ఆలోచన అదే. నా ముక్క దానికి ఇచ్చేస్తాను, పడుకుని లేస్తాం ఇద్దరం, అప్పుడు మాట్లాడతాను. అప్పుడు నేను పైచెయ్యిగా ఉండను, అది కిందచెయ్యిగా ఉండదు, కోసిన చోట ఇద్దరికీ ఒకేలా నొప్పి ఉంటుంది. దాన్ని నేనే నిలబెట్టానని ఇంకెవరి దగ్గరా అననని కూడా అప్పుడే చెప్దామనుకున్నాను. ఆ మాట నాకు తయారుగానే ఉంది. బస్సులో అనుకున్నాను, మిషను తొక్కుతూ అనుకున్నాను, ఇస్త్రీ చేస్తూ అనుకున్నాను. కానీ ఇంటికి వెళ్ళి తలుపు తియ్యగానే స్నానాల గది కనిపించేది. వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇరవై నాలుగు దాకా ఆగితే ఏం పోయిందిలే అనుకునేదాన్ని. ఎవరు గుమ్మం దాటినా బెంగపడి చచ్చే నేను, అలా అనుకోగలిగాను. కోపం అంత గట్టిది.

బరువు మాత్రం తగ్గుతూనే ఉంది. డెబ్భై ఒకటి పాయింటు మూడు. డెబ్భై పాయింటు తొమ్మిది. ముల్లుకి ఇక అడ్డం లేదు.

గురువారం నాకు దుకాణంలో ఒక బడి వాళ్ళ ఆర్డరు ఉంది, నూట నలభై చొక్కాలు. నేను తొందరగా తయారై కూర్చుని కాలర్లు లెక్కపెట్టుకుంటున్నాను. పై అంతస్తు నర్సు కిందికి వచ్చి పిలిచింది. పిచ్చుక చెప్పులు వేసుకుంది. ఎడమ చెప్పు పట్టీ పెట్టుకోవడం కష్టమైతే వంగి నేనే పెట్టాను. అది నా తల మీద చెయ్యి వేసింది, పడిపోకుండా పట్టుకోవడానికి. అప్పుడు కూడా నేను తలెత్తలేదు.

నా చెల్లెలు ఆ నెల పదమూడో తారీఖు, గురువారం, పొద్దున ఏడున్నరకి మిషను మీద పడుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. మూడో గంటలో గుండె ఆగింది. తిరిగి రాలేదు.